తోలు పిడికి నూనెకన్న నీడ మేలు

కొండ నడకలకు, అడవి శిబిరాలకు, తోటపనికి వాడే కత్తులను గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఈసారి ఎక్కువ భాగం తోలు పిడుల గురించే ఉన్నాయి. రాసినవారిలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కొందరు, అక్కడినుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన కత్తులను ఇక్కడ భద్రపరుచుకుంటున్నవారు కొందరు. ఒకే సందేహం పలువురికి ఉన్నచోట ఒక ఉత్తరాన్నే తీసుకుని జవాబు రాశాను.

ప్రశ్న: నేను అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటున్నాను. సెలవు దొరికినప్పుడల్లా క్యాస్కేడ్ కొండలలో నడకకు వెళతాను. ఇటీవల 7 అంగుళాల అలుగున్న కా-బార్ కత్తి కొన్నాను. ఈ వానలకు తోలు పిడి నిలవదని, రబ్బరు పిడి ఉన్నది కొనవలసిందని మిత్రులు అంటున్నారు. వారి మాట నిజమేనా? ఈ పిడి ఎన్నాళ్లు మన్నుతుంది?

జవాబు: మీ మిత్రుల మాటలో సగం నిజముంది. వాన దేశంలో తోలు పిడులు చెడిపోతాయి. అయితే వానలో తడవడంవల్ల చెడేవి తక్కువ, తడిసిన తరువాత మనం చేసే పనులవల్ల చెడేవి ఎక్కువ.

ఆ పిడి ఎలా తయారవుతుందో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ సులభంగా బోధపడతాయి. కత్తి ఉక్కు, అలుగుకూ పిడికీ మధ్య అడ్డుగా ఉండే గార్డు దగ్గర ఆగిపోదు, సన్నని కాడగా మారి పిడి పొడవునా లోపలికి సాగుతుంది. మందమైన పశువు తోలునుంచి బిళ్లలు కోసి, ఒక్కొక్క బిళ్ల నడుమ కాడ పట్టేంత చీలిక చేసి, పూసలు గుచ్చినట్టు ఒకదాని వెనుక ఒకటిగా కాడకు ఎక్కిస్తారు. అన్నీ ఎక్కిన తరువాత వాటిని బలంగా అదిమి, చివర ఉక్కు దిమ్మను పెట్టి, అడ్డంగా మేకు కొట్టిగాని, మరతోగాని, కాడ కొసను సుత్తితో చదును చేసిగాని బిగిస్తారు. ఆ పైన కొయ్యను చిత్రికపట్టినట్టే దానిని అరగదీసి, చేతికి అమరే ఆకారం తెచ్చి, నునుపు చేసి పైపూత వేస్తారు. కనుక మీ అరచేతికి తగిలేది తోలు పైభాగం కాదు, తోలును కోసిన అంచు. చెట్టు మానును అడ్డంగా కోసిన ముఖం నీటిని ఎంత ఆత్రంగా పీలుస్తుందో ఈ అంచు కూడా నీటినీ నూనెనూ అంత ఆత్రంగా పీలుస్తుంది. ఈ పిడికి ఉన్న గుణాలకూ దోషాలకూ మూలం ఇదే. తడి చేతిలోనూ జారదు, చలిలో లోహంలా చేతిని కొరకదు, వాడేకొద్దీ చేతికి ఒదుగుతుంది. అలాగే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

మన్నిక గురించి చరిత్ర ఏమి చెబుతుందో చూడండి. మిషిగన్ రాష్ట్రంలోని గ్లాడ్‌స్టన్‌లో వెబ్‌స్టర్ మార్బుల్ నెలకొల్పిన సంస్థ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే ఇటువంటి పిడులతో వేట కత్తులను అమ్మేది. 1942లో అమెరికా మెరైన్ దళం ఎంచుకున్న కత్తికి కూడా ఈ పిడినే పెట్టారు. దానిని అనేక సంస్థలు తయారుచేసినా, న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్‌కు చెందిన యూనియన్ కట్లరీ సంస్థ వేసిన కా-బార్ ముద్రే చివరికి ఆ కత్తి జాతికంతటికీ పేరై నిలిచింది. మీ చేతిలో ఉన్నది దాని వారసురాలే. పసిఫిక్ దీవుల ఉప్పుగాలిలో, ఎడతెగని వానలలో ఆ పిడులు కొన్ని కుళ్లిపోయాయి. అయినా 80 ఏళ్లు దాటిన తరువాత, తొలినాటి బిళ్లలతోనే చెక్కుచెదరక ఉన్నవి నేటికీ సేకరణకర్తల దగ్గర కనిపిస్తాయి. ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో 1923లో మొదలైన ఎస్ట్‌వింగ్ సంస్థ సుత్తులకు సైతం ఇదే పద్ధతిలో తోలు పిడులు వేస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్లు పగలగొట్టడానికి ఆ సుత్తులను ఎండలో వానలో దశాబ్దాల తరబడి వాడుతూనే ఉన్నారు. దెబ్బలకు, వాతావరణానికి తట్టుకునే శక్తి ఈ కూర్పులో ఉన్నదనడానికి అంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

ఇక మీరు చేయవలసినది. నడకనుంచి రాగానే కత్తిని ఒరలోనుంచి బయటికి తీయండి. పొడి నూలుగుడ్డతో పిడిని గట్టిగా ఒత్తి తుడవండి, గార్డుకూ మొదటి బిళ్లకూ మధ్య సందులో గుడ్డ అంచుతో తుడవడం మరవకండి. ఆ తరువాత గాలి ఆడే నీడలో ఒకటి రెండు రోజులు ఊరక ఉంచండి. శిబిరపు మంట పక్కన, హీటరు మీద, కారు ముందు అద్దం కింద పెట్టకండి. ఈ నిషేధం చాదస్తం కాదు. చెట్టు పట్టతో ఊనిన తోలు, అంటే పట్ట వగరులో నానబెట్టి పదును చేసిన తోలు, నీటితో నిండి ఉన్నప్పుడు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే దానిలోని నారల అల్లిక ముడుచుకుపోతుంది. ఒకసారి అలా ముడుచుకున్న తోలును ఏ నూనె తిరిగి సాగదీయలేదు. మంటకు జానెడు దూరంలో పెట్టిన తడి పిడికి ఆ వేడి తగలడానికి ఎంతో సేపు పట్టదు. పూర్తిగా ఆరిన తరువాత తేనెమైనం కలిసిన లేపనాన్ని వేలి కొనతో పలుచగా రుద్ది, అరగంట ఆగి, మెత్తని గుడ్డతో మెరుగు పెట్టండి. ఆ వానాకాలానికి అది చాలు.

పడవ మీద రోజుల తరబడి నీటిలోనే ఉండేవారికి, సముద్ర తీరంలో చేపల పనికి కత్తిని వాడేవారికి మాత్రం రబ్బరు పిడినే సిఫారసు చేస్తాను. తోలుకు ఆరే వ్యవధి దొరకని చోట దానిని వాడడం దానికి అన్యాయం. మీ కొండ నడకలకు ఆ వ్యవధి దొరుకుతుంది కనుక, కొన్న కత్తిని నిశ్చింతగా ఉంచుకోండి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. అన్నయ్య తెచ్చి ఇచ్చిన తోలు పిడి కత్తిని ఒరలో పెట్టి బీరువాలో భద్రంగా దాచాను. వర్షాకాలం వెళ్లాక తీసి చూస్తే పిడి మీద తెల్లని పొర, అలుగు మీద తుప్పు చుక్కలు కనిపించాయి. వాడనే లేదు, తడవనే లేదు. ఎందుకిలా జరిగింది?

జవాబు: భద్రంగా దాచడమే కారణం. బీరువా, దానిలో పెట్టె, దానిలో ఒర, ఇలా మూడు మూతల వెనుక గాలి కదలిక లేకుండా పోయింది. గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూగా కొన్ని వారాలపాటు నిలిస్తే తోలు మీద బూజు పుట్టడానికి అది చాలు. మీ ఊరిలో తేమ అంతకు తగ్గే రోజులే తక్కువ.

ముందుగా ఆ తెల్లని పొర బూజా, మరొకటా అన్నది తేల్చుకోండి. తోలులో పట్టించిన కొవ్వు కొన్నిసార్లు పైకి ఉబికి తెల్లగా పేరుకుంటుంది. చలి రోజులలో ఇది ఎక్కువ. జుట్టు ఆరబెట్టుకునే యంత్రపు గోరువెచ్చని గాలి క్షణకాలం తగిలినప్పుడు ఆ తెలుపు కరిగి మాయమైతే అది కొవ్వే, గుడ్డతో తుడిచి ఊరుకోవచ్చు. కరగకుండా నూగులాగా ఉండి, ముక్కవాసన వేస్తే అది బూజు. బూజయితే కత్తిని ఆరుబయటికి తీసుకువెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులపండి. ఇంట్లో దులిపితే ఆ పొడి మిగిలిన చెప్పులకూ పుస్తకాలకూ చేరుతుంది. తరువాత మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను గుడ్డకు కొద్దిగా అంటించి పిడిని తుడవండి. పిడి మీద నేరుగా పోయకండి. లక్క పూత ఉన్న పిడి అయితే స్పిరిట్ దానిని కరిగిస్తుంది, అందువల్ల దిమ్మ దగ్గర కనిపించని మూలలో మొదట పరీక్షించి చూడండి. తుడిచాక రెండు రోజులు ఫ్యాను గాలికి ఉంచండి.

తుప్పు విషయం వేరు. అది ఒర చేసిన పని. తోలు ఒర గాలిలోని తేమను పీల్చి అలుగుకు అదిమి పెడుతుంది, తోలులో మిగిలి ఉన్న ఆమ్లాలు, లవణాలు ఆ తేమతో కలిసి ఉక్కును తింటాయి. కత్తి కోసమే తయారైన ఒరలో కత్తిని దాచకూడదంటే వినడానికి వింతగా ఉంటుందిగాని, ఒర నడుముకు కట్టుకుని తిరిగే వేళకు మాత్రమే. ఇంట్లో అలుగుకు సన్నగా యంత్రపు నూనె రాసి, మైనపు కాగితం చుట్టి, పిడిని బయటికే వదిలి, ఒరను పక్కన విడిగా పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వేస్తే మంచిదే, అయితే వాటిని నెలకొకసారి వేడి చేసి ఆరబెట్టనిదే ప్రయోజనం ఉండదు. అన్నిటికన్న సులభమైన ఉపాయం, వారానికొకసారి కత్తిని చేతిలోకి తీసుకోవడం. వాడుకలో ఉన్న పిడికి బూజు పట్టడం అరుదు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా తాతగారు కిర్రుచెప్పులకు ఆముదం పట్టించేవారు, ఆ చెప్పులు ఏళ్ల తరబడి మన్నేవి. నా కత్తి తోలు పిడి ఎండి బిరుసెక్కింది. ఆముదంలోగాని కొబ్బరినూనెలోగాని ఒక రాత్రి నానబెట్టవచ్చునా?

జవాబు: నానబెట్టవద్దు. ఈ ఒక్క మాటను ఈ సంచికలోని పాఠకులందరూ గుర్తుంచుకోవాలని నా కోరిక. నాకు తెలిసి పాడైన తోలు పిడులలో నిర్లక్ష్యంవల్ల పోయినవాటికన్న ప్రేమ ఎక్కువై నూనెలో మునిగినవే ఎక్కువ.

నేనూ ఆ తప్పు చేశాను. చాలాకాలం క్రితం నాకు దొరికిన ఒక పాత వేట కత్తికి బిళ్లలు ఎండి, నడుమ నడుమ వెంట్రుకవాసి సందులు కనిపించాయి. నూనె తాగితే ఉబ్బి సందులు పూడుతాయన్న ఆలోచనతో గాజు గ్లాసులో పశువు గిట్టల నూనె పోసి, పిడిని తలకిందులుగా రాత్రంతా ముంచి ఉంచాను. తెల్లవారేసరికి సందులు నిజంగానే పూడాయి. పది రోజులపాటు నా తెలివికి నేను సంతోషించాను. ఆ తరువాత పట్టుకున్నప్పుడల్లా చేతికి జిడ్డు అంటసాగింది, బొటనవేలితో గట్టిగా నొక్కితే పిడి గుంటపడేది. ఎండలో పెడితే గార్డు దగ్గర నూనె చుక్కలై కారేది. ఆ గార్డు ఇత్తడిది కావడంతో కొన్ని నెలలకు అంచు చుట్టూ పచ్చని చిలుము మైనంలా పేరుకుంది, కొవ్వులోని ఆమ్లాలు రాగిని తినడంవల్ల పుట్టే చిలుము అది. దానిని ఎన్నిసార్లు గోకినా మళ్లీ వచ్చేది. చివరికి ఆ పిడిని కోసి పారేయవలసి వచ్చింది. ఎండిపోయిన పిడిని బాగుచేయడానికి దారులున్నాయి, నూనెలో ఊరిన పిడినుంచి ఆ నూనెను వెనక్కు రప్పించడం ఎవరికీ సాధ్యం కాదు.

మీ తాతగారు చేసినది సరైన పనే. చెప్పు అడుగడుగునా వంగాలి, వంగేచోట తోలు నారలు ఒకదానిమీద ఒకటి జారాలి, అందుకు ఆముదం వంటి చిక్కని నూనె తోడ్పడుతుంది. అది త్వరగా ఆరిపోదు, నారలను అంటిపెట్టుకుని ఉంటుంది. కాని కత్తి పిడి వంగకూడదు. బిళ్లలను అంత బలంగా అదిమి బిగించడంలో ఉద్దేశమే వాటిని కొయ్యంత గట్టిగా చేయడం. మీరు బిరుసు అంటున్నది ఆ పిడికి దోషం కాదు, అదే దాని ఆరోగ్యం. గోటితో నొక్కితే గుర్తు పడకపోవడం, తడితే పొడి శబ్దం రావడం మంచి పిడికి ఉండే లక్షణాలు. పైభాగం తెల్లబారి, గరుకెక్కి, సన్నని పగుళ్లు కనిపించినప్పుడే దానికి ఏదైనా పట్టించవలసిన అవసరం వస్తుంది.

అప్పుడైనా కొబ్బరినూనె వద్దు. సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది, మీ ఊరి పగటి వేడికి కరిగి లోపలికి పాకుతుంది. నువ్వుల నూనె, వేరుసెనగ నూనె కాలక్రమాన గాలికి జిగటబారి ముక్కిపోతాయి. ఆముదమే అందుబాటులో ఉంటే, నాలుగైదు చుక్కలను గుడ్డకు అద్ది, ఆ గుడ్డతో పిడిని తుడవండి. ఒక రోజు ఆగి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. అంతకన్న మేలైనది తేనెమైనం. ఒక వంతు తేనెమైనాన్ని మూడు వంతుల నూనెలో వేడినీటి గిన్నె మీద కరిగించి చల్లార్చితే మెత్తని లేపనం అవుతుంది. మైనం సుమారు 62 డిగ్రీలకు పైన కరుగుతుంది కనుక నేరుగా పొయ్యి మీద పెట్టవలసిన పని లేదు, పెట్టడం ప్రమాదం కూడా. కొనదలచినవారికి తేనెమైనం ప్రధానంగా ఉన్న స్నో-సీల్ వంటివి దొరుకుతాయి. పిడి బాగానే ఉండి పైన కాపుదల మాత్రమే కావాలంటే, బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో రూపొందిన రెనసాన్స్ మైనం నాకు అన్నిటిలోకీ నచ్చినది. అది లోపలికి ఇంకదు, పైన గట్టి పొరగా నిలుస్తుంది, అదే డబ్బాలోది అలుగుకూ గార్డుకూ పూయవచ్చు. ఏది వాడినా ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించి వద్దు. అనంతపురం పొడిగాలికి మూడోసారి వేయాలనిపిస్తే వేయండి, కాని వేసేముందు వేలితో తడిమి చూసి, ముందు వేసినది ఇంకా జిడ్డుగా తగిలితే డబ్బా మూత పెట్టేయండి.

ప్రశ్న: అరిజోనాలోని ఫీనిక్స్‌నుంచి రాస్తున్నాను. మిషిగన్‌లో ఉన్నప్పుడు గట్టిగా ఉన్న పిడి ఇక్కడికి వచ్చిన రెండేళ్లలో వదులై, ఊపితే చిన్నగా చప్పుడు చేస్తోంది. బిళ్లలు చేతితో తిప్పితే కదులుతున్నాయి. కత్తి పాడైనట్టేనా?

జవాబు: పాడు కాలేదు. మహాసరస్సుల నడుమ ఉన్న రాష్ట్రపు తేమకు సరిపడిన తోలు ఎడారికి చేరి తనలోని నీటిని వదిలింది. ఒక్కొక్క బిళ్ల తగ్గేది కంటికి కనిపించనంతే అయినా, అన్ని బిళ్లలూ కలిసి కాడ పొడవున కాగితం మందమంత ఖాళీ చేస్తాయి.

ముందుగా దిమ్మ ఎలా బిగించి ఉందో చూడండి. దిమ్మ వెనుక మర గాని, రెండు రంధ్రాల చక్రం గాని ఉంటే దానిని పావు చుట్టు బిగిస్తే సమస్య తీరుతుంది. బిగించే పనిని పొడి కాలంలోనే చేయాలి. తోలు కుంచించుకుని ఉన్నప్పుడు బిగించినది తేమ కాలంలో మరింత బిగుస్తుంది, ఉబ్బి ఉన్నప్పుడు బిగించినది మళ్లీ వదులవుతుంది. కా-బార్ తరహాలో అడ్డమేకుతో బిగించిన దిమ్మను మాత్రం కదిలించకండి, సుత్తితో కొట్టి లోపలికి దింపే ప్రయత్నం అసలే చేయకండి.

అలాంటి పిడికి రెండు మార్గాలు. మొదటిది ఓపికతో కూడినది. నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డను పిడికి చుట్టి ఒక రాత్రి ఉంచితే తోలు కొంత తేమను తిరిగి తీసుకుంటుంది. మర్నాడు గుడ్డ తీసి, నీడలో ఒక పూట ఆరనిచ్చి, పై తడి పోయినా లోపల కొద్దిగా చెమ్మ ఉండగానే మైనపు లేపనాన్ని పూస్తే, ఆ తేమ తొందరగా బయటికి పోకుండా మైనం అడ్డుపడుతుంది. చాలా పిడులు దీనితో సర్దుకుంటాయి. అయితే ఎడారిలో ఇది ఒకటి రెండేళ్లకొకసారి చేస్తుండవలసిన పని, పైగా లోపలి కాడ తుప్పు పట్టకుండా ఉండాలంటే గుడ్డ నీరు కారేంత తడిగా ఉండకూడదు. రెండవది శాశ్వతమైనది. నీళ్లలా పలుచగా ఉండే సూపర్ గ్లూను కదిలే బిళ్లల సందులో సూదిమొన గొట్టంతో ఒక్కొక్క చుక్కగా వదిలితే అది తనంతట తానే లోపలికి పాకి, నారలతో కలిసి గట్టిపడుతుంది. గ్లూ తగిలిన తోలు నల్లబడి రాయిలా మారుతుంది కనుక చుట్టూ పూయవద్దు. తోలు వంటి నారల పదార్థం మీద ఆ గ్లూ పడితే వేడి, ఘాటైన ఆవిరి పుడతాయి, కిటికీ తెరిచి, ముఖం దూరంగా పెట్టి చేయండి. ముందుగా నూనె పట్టించిన పిడిలో ఈ గ్లూ సరిగా పట్టదు, నూనెకు తొందరపడవద్దని నేను పదే పదే చెప్పడానికి అదొక కారణం.

సేకరణకు పనికివచ్చే పాత కత్తి అయితే మొదటి మార్గంతోనే ఆగండి. రోజూ వాడే కత్తి అయితే, నేను రెండవదానినే ఎంచుకుంటాను.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. నా కత్తి పిడి గార్డును తాకేచోట కాటుకలా నల్లబడింది. తోలు కుళ్లుతోందా?

జవాబు: మీ ఊరివారికి ఈ రంగు కొత్త కాదు. కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, దానిమీద ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీటిలో పులియబెట్టిన కసిమితో గీత గీస్తే, గీసిన గీత నల్లబడుతుంది కదా. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే పుట్టే నలుపు అది. మీ పిడిలో జరిగినదీ అదే. ఈ పిడులకు వాడే తోలును చెట్ల వగరుతోనే ఊనుతారు. మన పల్లెలలో తోలుపని చేసేవారు లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, తంగేడు పట్ట, తుమ్మ పట్ట, కరక్కాయ వేసి ఊనితే, అమెరికాలో ఓక్, హెమ్లాక్ చెట్ల పట్ట వాడేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు పువ్వును చూసి ఆనందించేవారిలో ఎందరికి ఆ చెట్టు పట్ట తరతరాలుగా దక్షిణాది తోలుకు ప్రాణం పోసిందని తెలుసునో గాని, తెలిసి ఉండవలసిన మాట అది.

కుళ్లు కాదు కనుక భయపడకండి. అయితే అక్కడ తడి చేరి, ఇనుము కరిగి తోలులోకి వచ్చిందన్నదానికి ఆ నలుపు గుర్తు. తుడిచేటప్పుడు ఆ సందును మీరు వదిలేస్తున్నారు. నలుపును పోగొట్టాలని నిమ్మరసం రుద్దితే రంగు కొంత తగ్గవచ్చుగాని, ఆ పులుపు ఉక్కుకు చేటు చేస్తుంది. నలుపును అలాగే ఉంచి, సందులో కరిగించిన తేనెమైనాన్ని అగ్గిపుల్లతో సన్నగా దింపి మూసివేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాము. శిబిరాలకు వెళ్లినప్పుడు ఇదే కత్తితో చేపలు, కోడిమాంసం కూడా కోయవచ్చునా? తరువాత సబ్బుతో కడిగితే సరిపోతుందా?

జవాబు: ఆహారానికి వేరే కత్తి పెట్టుకోండి. రక్తమూ కొవ్వూ బిళ్లల సందులలోకి దిగితే వాటిని పూర్తిగా తీయడం సాధ్యం కాదు. సబ్బు క్షారగుణం కలది, తోలు స్వభావం కొద్దిగా ఆమ్లం. వేడినీళ్లతో, సబ్బుతో పదే పదే కడిగితే ఊనిన వగరు కరిగిపోయి తోలు పొడిబారుతుంది. పాత్రలు కడిగే యంత్రంలో వేస్తే ఒక్కసారికే పని పూర్తవుతుంది, అక్కడ నీరూ వేడీ క్షారమూ మూడూ కలిసి ఉంటాయి. పొరపాటున పిడికి రక్తం అంటితే ఆలస్యం చేయకుండా చల్లని నీటితో తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. చెమట మరకలకూ ఇదే చాలు. చెమటలోని ఉప్పు పిడిలో నిలిస్తే అది గాలిలోని తేమను పిలుచుకుంటుంది కనుక, వేసవి నడక ముగిశాక ఇలా తుడవడం మంచి అలవాటు.

ప్రశ్న: మిషిగన్‌లో ఒక ఇంటి ముందు పాత సామాను అమ్మకంలో తోలు పిడి వేట కత్తి ఒకటి దొరికింది. అలుగు బాగుంది. పిడి మాత్రం ఎర్రబారి, పట్టుకుంటే ఇటుక పొడిలా రాలుతోంది. దీనిని నూనెతో బతికించవచ్చునా, లేక కొత్త పిడి వేయించాలా?

జవాబు: పొడిలా రాలే ఎర్రని తోలు నూనె దాహంతో ఉన్న తోలు కాదు. దానిలోని నారలే తెగిపోయాయి. చెట్టు పట్టతో ఊనిన పాత తోలు గాలిలోని గంధకపు వాయువులను పీల్చుకుని, లోపల ఆమ్లం పెరిగి ఇలా అవుతుంది. 19వ శతాబ్ది చివరినాటి తోలు అట్టల పుస్తకాలలోనూ ఇదే జబ్బు కనిపిస్తుంది. దీనికి నూనె పడితే పొడి కాస్తా ముద్ద అవుతుంది, అంతే. కత్తిని ఉన్నదున్నట్టు అలమారులో పెట్టుకోదలిస్తే, పుస్తకాలను పరిరక్షించేవారు వాడే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను స్పిరిట్‌లో పలుచగా కలిపి మెత్తని కుంచెతో పూస్తే రాలడం ఆగుతుంది. ఆ తరువాత దానిని చేతిలో పట్టుకుని పని చేయాలనుకోకూడదు.

వాడుకోవాలంటే కొత్త బిళ్లలు వేయవలసిందే, ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోగల పని ఇది. పాత పిడి ఫొటోలు తీసి, పొడవు, లావు కొలిచి రాసుకోండి. దిమ్మ పక్కన చిన్న మేకు ఉంటే దానిని సన్నని పంచుతో కొట్టి తీస్తే దిమ్మ ఊడి వస్తుంది. కాడ కొసను చదును చేసి బిగించినదయితే ఆ కొసను అరగదీయాలి, అంటే తిరిగి బిగించడానికి కాడ పొడవు చాలదు, అప్పుడు తెలిసిన కమ్మరిచేతగాని కత్తులు చేసేవారిచేతగాని మర కట్టించుకోవాలి. బిళ్లలకు చెట్టు పట్టతో ఊనిన తోలునే, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంలో కొనండి. బూట్ల పైభాగాలకు, సంచులకు వాడే, క్రోమ్ లవణాలతో ఊనిన తోలు ఎంత అదిమినా మెత్తగానే ఉంటుంది, ఆకురాయికి నునుపు తేలదు. చీలికను కాడకు బిగుతుగా పట్టేటంతే కోయండి, లోపల ఖాళీ ఉంటే బిళ్ల తిరుగుతుంది. కాడ మీది తుప్పును పూర్తిగా గీకి, సన్నగా ఎపాక్సీ జిగురు పూసి, ఒక్కొక్క బిళ్లకూ రెండు వైపులా జిగురు రాస్తూ ఎక్కించండి. పాత పిడి పొడవుకన్న కనీసం రెండు మూడు బిళ్లలు ఎక్కువగా ఎక్కించి బిగింపు పట్టుతో అదిమితే అవి ఆ పొడవులోనే ఇముడుతాయి. జిగురు డబ్బా మీద కొన్ని గంటలే అని రాసి ఉన్నా ఒక రోజంతా పట్టును వదలకండి.

ఆకారం తీసేటప్పుడు అలుగుకు అట్టముక్క చుట్టి టేపు వేయండి, అరగదీసే పనిలో దృష్టి పిడి మీద ఉంటుంది, చేయి తెగేది అప్పుడే. ముతక ఆకురాయితో మొదలుపెట్టి, 120, 220, 400 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్దండి. యంత్రంతో అరగదీస్తే తోలు కాలిన వాసన వచ్చిన మరుక్షణం ఆపండి, ఆ నల్లని మచ్చలు లోతుగా ఉంటాయి. పైన మైనపు లేపనాన్ని రెండు పూతలు వేసి, వారం రోజులు నీడలో ఉంచి, ఆ తరువాతే ఒరలో పెట్టి అడవికి తీసుకువెళ్లండి. తీసిన పాత బిళ్లలలో బాగున్నది ఒకటైనా ఉంటే పారవేయకుండా దాచండి. ఆ కత్తి ఎవరు, ఎప్పుడు చేశారో తేల్చుకోవడానికి దాని మందమూ కోత తీరూ ముందు ముందు మీకు పనికివస్తాయి.